పెద్దవాళ్ల కోసం సెమీ క్రిస్మస్: 18 వేలలో అవుతుందా?

తెనాలి చెల్లి:
అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లెటూరు. ఏటా డిసెంబర్‌లో మా సంఘంలో సెమీ క్రిస్మస్ చేస్తాం. స్టేజీ, ఫ్లెక్సీ, డీజే, పిల్లల డాన్సులు, రాత్రి పదింటికి బిర్యానీ. ముసలివాళ్లు తొమ్మిదింటికే లేచి ఇళ్లకెళ్లిపోతారు. ఈసారి వాళ్ల కోసం విడిగా ఒకటి చేద్దామని మా స్త్రీల సమాజంలో అనుకున్నాం. సంఘంవాళ్లనే కాదు, మా వీధుల్లో పెద్దవాళ్లందరినీ, ఏ మతమైనా సరే, పిలుద్దామని. 60 మంది దాకా తేలారు. పోగైంది 18 వేలు. కమిటీలో ఒకాయన తలా ఒక శాలువా కప్పాల్సిందే అంటున్నారు. ఒక్కోటి 150 వేసుకున్నా సగం డబ్బు అక్కడే అయిపోతుంది. వద్దంటే "ఉత్త చేతులతో పంపుతారా" అంటున్నారు. ఎవరైనా చేసుంటే చెప్పండి.

పాత కండక్టర్, బాపట్ల:
అమ్మా, అన్నిటికంటే ముందు ఆటోల డబ్బు తీసి పక్కన పెట్టు. మా దగ్గర చాలాకాలంగా చేస్తున్నాం కాబట్టి చెబుతున్నా. రావాలని ఉండి రాలేనివాళ్లే ఎక్కువ. కోడలు పనికెళ్తుంది, కొడుకు బండి వెనక కూర్చోవాలంటే భయం, నడిస్తే మోకాళ్లు. ఊళ్లో ఆటోవాళ్లతో పూటకింత అని మాట్లాడుకుంటే మూడు వేలలో అయిపోతుంది. తీసుకొచ్చినవాళ్లే తిరిగి ఇంటి గుమ్మం దగ్గర దించాలి. అది ముందే ఒప్పించు.

రాత్రిపూట వద్దే వద్దు. మంచు, చీకటి. పొద్దున పదిన్నరకి మొదలుపెట్టి, పన్నెండున్నరకి విస్తళ్లు వేసెయ్యాలి. సగం మంది షుగర్ మాత్ర వేసుకుని వస్తారు, కొందరు ఇన్సులిన్ మీద ఉంటారు. అయ్యగారితో ముందే మాట్లాడు, వాక్యం పదిహేను నిమిషాలే అని. ఎమ్మెల్యేని, సర్పంచ్‌ని పిలిచారా, ఆయన వచ్చేదాకా అన్నం పెట్టనివ్వరు. ఎవర్నీ పిలవకండి.

నేల మీద బంతి కుదరదు. చేతులున్న కుర్చీలే అడుగు, చేతుల్లేనివి పక్కకు ఒరిగితే మనిషి పడిపోతాడు. బాత్రూమ్‌కి మెట్లున్నాయా, లోపల లైటు వెలుగుతుందా, స్వయంగా వెళ్లి చూడు. వేరేవాళ్లని పంపితే "బాగానే ఉందండీ" అని వచ్చేస్తారు.

డీజే ఎలాగూ ఉండదు కదా. ఒక హార్మోనియం, ఒక తబలా చాలు. పాత కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం వేసి ఉంటాయి చూడు, అవి పాడించు. మా ఊళ్లో ఒక మామ్మగారికి పొద్దున తిన్నదేమిటో గుర్తుండదు. కీర్తన ఎత్తుకుంటే ఆరు చరణాలూ పుస్తకం లేకుండా పాడేస్తుంది, మధ్యలో హార్మోనియం వాయించేవాణ్ణి శ్రుతి తప్పావని కోప్పడుతుంది కూడా.

శాలువా సంగతి అంటావా, ఆ డబ్బు ఆటోలకీ కూరకీ పెట్టు. శాలువాలు కప్పేది ఫోటో కోసం.

వంటల వదిన:
కండక్టర్ గారు చెప్పింది నిజం. వంట సంగతి నేను చెప్తా. బిర్యానీ వద్దు, మసాలా అరగదు, ఎముకలు గొంతులో పడతాయి. మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, నెయ్యి, సొరకాయ కూర, టమాటా చారు, పెరుగు. కోడికూర ఎముకల్లేకుండా చిన్న ముక్కలు కోయించి కారం తగ్గించి చేయించండి. పళ్లు లేనివాళ్లు కూడా తినాలి. వడ్డించేవాళ్లతో కలిపి 75 మందికి వండుకోండి, కిలో బియ్యం తొమ్మిది పదిమందికి సరిపోతుంది. సేమియా పాయసం చిన్న కప్పుల్లో పొయ్యండి, షుగర్ ఉన్నాయన మానడు, మనమే తగ్గించాలి. కేకు ఒక్కటే, మెత్తనిది. పండగ వారంలో బేకరీల దగ్గర నిలబడే చోటుండదు, ముందే చెప్పి పెట్టుకోండి. గుడ్డు లేనిది చెయ్యమనండి.

పక్క వీధివాడు:
తేదీ గురించి ఒక మాట. ఒకటో తారీఖు పెట్టకండి, పింఛను వస్తుందని ఎవరూ ఇల్లు కదలరు. నాలుగు వేలు వదిలి మీ కేకుకి వస్తారా? గురువారం కూడా వద్దు, మార్గశిర లక్ష్మీవారం, మా అమ్మలాంటివాళ్లకి పూజ ఉంటుంది. రెండో శనివారం మంచిది. బడికి సెలవు కాబట్టి హాలూ బల్లలూ దొరుకుతాయి, ధనుర్మాసం కూడా ఇంకా పట్టదు. కాకపోతే శనివారం నీచు తిననివాళ్లు ఉంటారు. కూర విడిగా, గరిటె విడిగా. ముస్లింలు కూడా వస్తారంటున్నారు కాబట్టి కోడి హలాల్ చేసేచోట తీసుకోండి. ప్రార్థన వద్దని నేననను, క్రిస్మస్ కదా. పిలిచేటప్పుడే ప్రార్థన ఉంటుందని చెబితే చాలు.

డాలస్ నుంచి:
మా నాన్న అటువైపే ఒక్కడే ఉంటున్నాడు, అందుకని అడుగుతున్నా. ఫోన్ వాడటం వచ్చిన కుర్రాళ్లు నలుగురైదుగురు ఉంటే, వచ్చినవాళ్లతో వచ్చినట్టే వాళ్ల పిల్లలకి వీడియో కాల్ చేయించండి. మీకు పది అయితే మాకు ముందురోజు రాత్రి పదిన్నర, మెలకువగానే ఉంటాం. భోజనాలయ్యాక చేద్దామనుకుంటే ఇక్కడ ఒంటిగంట దాటిపోతుంది. శుక్రవారం రాత్రి కాబట్టి మర్నాడు ఆఫీసు టెన్షన్ కూడా ఉండదు. ఆటోల డబ్బు నేను పంపుతాను. నా పేరు మైకులో మాత్రం చెప్పొద్దు.

తెనాలి చెల్లి:
అందరికీ థాంక్సండీ. రెండో శనివారమే ఖాయం చేశాం. బడి హాలు ఇస్తామన్నారు, బాత్రూమ్‌కి రెండు మెట్లున్నాయి, పక్కన కర్ర కడ్డీ కట్టిస్తున్నాం. శాలువాల ఆయన ఒక పట్టాన దిగలేదు. చివరికి అందరిలోకీ పెద్దవాళ్లు ఇద్దరికి కప్పేటట్టు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఎవరు పెద్ద అనే దగ్గర ముగ్గురు తాతలు పోటీ పడుతున్నారు, ఒకాయన ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పంటున్నారు. వదినా, ముద్దపప్పుకి 75 మందికి కందిపప్పు ఎంత పడుతుందో చెప్పరా?

వంటల వదిన:
నాలుగు కిలోలు. వేరే కూర ఉంది కాబట్టి మిగులుతుందేమో కానీ తగ్గదు. శాలువాలు మూడు కొనండి.