‘ఉపేక్షించుకొని’ అంటే ఒంటిని పట్టించుకోకపోవడమా?

లూకా 9:23. “ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను.”

సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యమే. కానీ పోయిన నెల మా పెద్దమ్మ షుగర్ మాత్రలు మానేసిందని తెలిసింది. మాత్రల అట్ట బైబిలు సంచిలోనే ఉంది, ఒక్కటీ చింపలేదు. అడిగితే, “మనల్ని మనం ఉపేక్షించుకోమన్నాడు కదయ్యా ప్రభువు” అంది. నాకు గుండె కలుక్కుమంది. తప్పు ఆమెది కాదు. సంస్కృతంలో ఉపేక్షకు విడిచిపెట్టడం అనే అర్థం కూడా ఉంది గానీ, ఇవాళ మనం వినేది “జ్వరాన్ని ఉపేక్షించొద్దు”, “తప్పు చేస్తే ఉపేక్షించం” అనే మాటలే.

పట్టించుకోకపోవడమే అర్థమైతే అదే బైబిల్లో వేరే మాట ఉంది. హెబ్రీ 2:3లో “ఇంత గొప్ప రక్షణను నిర్లక్ష్యముచేసినయెడల” అని రాశారు.

లూకా 9:23 గ్రీకు మూలంలో ‘ఉపేక్షించుకొని’ ఉన్నచోట ఉన్న క్రియ అర్నెయొమాయ్. కాదనడం, ఎరగననడం. లూకా 22లో నడుముంగిట మంట దగ్గర కూర్చున్న యేసు శిష్యుడు పేతురును ఒక పనిపిల్ల గుర్తుపట్టినప్పుడు, అతను చేసినదానికి వాడింది ఇదే క్రియ. యేసు ఎవరో తనకు తెలియదన్నాడు. ఆ మాటే యేసును వెంబడించేవాడు తన గురించి తాను అనాలి. నా పంతమే నెగ్గాలని లోపల మొండికేసే ‘నేను’తో “నువ్వెవరో నాకు తెలీదు” అనాలి. ఇందులో మాత్రలు మానడం ఎక్కడుంది?

కామెంట్: అన్నా, ‘నిరాకరించుకొని’ అంటే సరిపోతుంది కదా?

జవాబు: దగ్గరగానే ఉంది తమ్ముడూ. కానీ నిరాకరణ అంటే నాకు ఆఫీసులో వెనక్కొచ్చిన అర్జీయే గుర్తొస్తుంది. ‘తన్ను తాను కాదనుకొని’ అంటే ఎలా ఉంటుంది? “ఇంట్లోవాళ్లను కాదనుకొని వెళ్లిపోయాడు” అంటాం చూడు, ఆ తెగింపు ఇందులో వినపడుతుంది.

కామెంట్: మత్తయి సువార్తలో ఇదే వాక్యంలో ‘ప్రతిదినము’ లేదు కదండీ?

జవాబు: లేదండీ. మత్తయి 16:24లో లేదు, మార్కు 8:34లోనూ లేదు. లూకా ఒక్కడే రాశాడు. రోమా వాళ్ల కాలంలో సిలువ మోసేవాడు చావడానికే వెళ్లేవాడు, మళ్లీ తిరిగి రాడు. అలాంటి దాన్ని రోజూ ఎత్తుకోమంటున్నాడు! మా సంఘంలో ఒక పెద్దాయనకు తమ్ముడితో గట్టు తగాదా. ప్రార్థన చేసుకున్న మర్నాటి నుంచి, బోరు దగ్గర కనబడితే “ఏరా, నీళ్లు పెట్టావా?” అని ముందు ఆయనే పలకరిస్తున్నాడు. తమ్ముడు కొన్నాళ్లు మొహం తిప్పుకున్నాడు. “రాత్రికి కోపం మళ్లీ వచ్చేస్తుంది బాబూ, పొద్దున్నే మళ్లీ ఎత్తుకోవాల్సిందే” అంటాడాయన.