‘దేవుడే పోషిస్తాడు’ అన్న మాటను పట్టుకొని ఉద్యోగం వదలవచ్చునా?

హనుమకొండ సోదరి:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా ఇంట్లో నెల రోజులుగా తెగని ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను. మా తమ్ముడికి 26 ఏళ్లు. వరంగల్‌లో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాడు. ఉపవాస ప్రార్థనలకు వచ్చిన ఒక బోధకుడు, జీతాన్ని నమ్ముకున్నవాడు పరలోకపు తండ్రిని నమ్మనట్టేనని చెప్పిన నాటి నుంచి, రాజీనామా చేసి మహబూబాబాద్ చుట్టుపక్కల తండాలలో సువార్త చెబుతూ తిరుగుతానంటున్నాడు. అమ్మకు షుగరు, బీపీ మందులు ఉన్నాయి. ఇంటి మీద తెచ్చిన అప్పు ఇంకా నాలుగేళ్లు కట్టాలి. ఆ మాట ఎత్తితే మత్తయి 6వ అధ్యాయం తెరిచి, విత్తని, కోయని ఆకాశపక్షులను పోషించేవాడు మనల్ని విడిచిపెడతాడా అని అడుగుతాడు.

మా సంఘ పెద్ద ఒకాయన మాట ఇందుకు పూర్తిగా భిన్నం. తనవారెవరో దేవునికి తెలుసు, సమయం వచ్చినప్పుడు ఆయనే రప్పించుకుంటాడు, మనం ఎవరి గడపకూ పోనక్కరలేదు, నెమ్మదిగా బతికితే అదే సాక్ష్యం అంటారు. ఒకే తండ్రి కాపుదలను చూపించి ఒకరు అన్నీ వదిలి వెళ్లాలంటున్నారు, ఇంకొకరు కదలనే వద్దంటున్నారు. నాకు ఈ రెండూ మనసుకు పట్టడం లేదు. వాక్యం తెలిసినవారు, అనుభవం ఉన్నవారు చెప్పండి.

కాజీపేట విశ్రాంత రైల్వే ఉద్యోగి:

అమ్మా, మీ తమ్ముడి తొందర కంటే మీ సంఘ పెద్దగారి నెమ్మదే నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. తనవారెవరో దేవునికి తెలుసన్న మాట నిజమే. కానీ ఆ నిజాన్ని లేఖనం ఎక్కడ, ఎందుకు చెప్పిందో చూడండి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో, కొరింథులో ఎదిరింపు చూసిన పౌలుకు ప్రభువు రాత్రివేళ దర్శనంలో, ఈ పట్టణములో నాకు బహు జనమున్నది అని చెప్పాడు. అంతమంది ఇప్పటికే నావారు కాబట్టి నీవు విశ్రాంతి తీసుకో అనలేదు. భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము అన్నాడు. ఆ మాట మీద పౌలు ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించాడు. దేవుడు తనవారిని ముందే ఏర్పరచుకోవడం మన నోరు మూయడానికి కాదు, నోరు తెరిచే ధైర్యం ఇవ్వడానికే.

మన జిల్లాల క్రైస్తవులకు ఇది కొత్త సంగతి కాదు. డోర్నకల్‌కు 1909లో వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తమిళుడు. తెలుగు నేర్చుకొని ఇక్కడి పల్లెల్లో పని చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేత తల మీద చేయి పెట్టించి, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారని ఆయన గురించి చెబుతారు. అక్షరం రాని కూలీలు కూడా ఆ మాట పలికారు. సువార్త జీతగాళ్ల పని మాత్రమేనని వారు అనుకొని ఉంటే మన ఊళ్లలో ఇన్ని సంఘాలు ఉండేవా?

ములుగు రోడ్డు ఉపాధ్యాయుడు:

పెద్దవారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేనూ విశ్వాసినే, పాతికేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. నా తోటి ఉపాధ్యాయులలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. మన వాళ్లు కొందరు ఇళ్లకు వెళ్లి, రోగం తగ్గుతుందని, అప్పు తీరుతుందని ఆశ పెట్టి మాట్లాడిన తరువాత ఆ ఇళ్లవారు నన్ను చూసే చూపు మారడం నేను అనుభవించాను. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అందులో ఇంకొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, అడిగినవారికి సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పమని పేతురు రాసిన మాట నాకు చాలు. ముందు మన బతుకును చూసి ఎవరైనా అడగాలి కదా.

దేవుని పోషణను మనుషులకు ఎరగా చూపకూడదన్నది నా ప్రధానమైన బాధ. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే పనిని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నా, కరువు సాయం సాగినంత కాలం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదని ఆగాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నేను ఆ సంఖ్యను చూసి కాదు, దాని వెనక ఉన్న ఆ నెలల నిరీక్షణను చూసి తల వంచుతాను. తండాలకు వెళ్లే మీ తమ్ముడికి అంత ఓపిక ఉందో లేదో ముందు అడగండి.

డోర్నకల్ వైపు పల్లె పాస్టరు కూతురు:

మీరు ముగ్గురూ రాసింది రెండుసార్లు చదివాను. తమ్ముడు వెళ్లాలా వద్దా అన్న చర్చే జరుగుతోంది గాని, వెళ్లినవాడికి అన్నం ఎవరు పెట్టాలన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నతో పెరిగినదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

తమ్ముడు చూపే ఆకాశపక్షులు మత్తయి 6వ అధ్యాయంలో ఉన్నాయి. 10వ అధ్యాయంలో పిచ్చుకలు ఉన్నాయి: తండ్రి సెలవు లేకుండా వాటిలో ఒకటైనా నేల పడదని ప్రభువు చెప్పింది పన్నెండుమంది శిష్యులను సువార్తకు పంపుతున్నప్పుడు. దానికి ముందే కోత విస్తారమని, పనివారు కొద్దిమంది అని అన్నాడు. కాబట్టి తండ్రి కాపుదలను సాకుగా చూపి ఇంట్లో కూర్చోవచ్చన్న సంఘ పెద్దగారి వాదం ఆ అధ్యాయం ముందు నిలవదు. అయితే అదే అధ్యాయం పనివాడు తన ఆహారమునకు పాత్రుడని కూడా చెప్పింది. ఊళ్లో యోగ్యుడెవరో విచారించి ఆ ఇంట ఉండమన్నది. చివరికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాని ఫలం పోదన్న మాటతో ముగిసింది. పంపడంతో మొదలైన అధ్యాయం నీళ్లిచ్చిన చేతి దగ్గర ఆగింది. పిచ్చుకలను గురించిన వాగ్దానం ఈ రెంటి నడుమ ఉంది. తండ్రి పోషిస్తాడు, ఒక ఇంటి తలుపు తెరిపించి పోషిస్తాడు.

మా వైపు పత్తి ఏరడానికి కైకిలికి పిలిచినవాడు కూలి మాట ముందే చెబుతాడు. పొద్దంతా పని చేయించుకొని, సాయంత్రం దేవుడే చూసుకుంటాడు పొమ్మంటే ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ అతని చేనులోకి దిగరు. మా నాన్నను మాత్రం అలాగే పంపారు. ఆయనను మూడు ఊళ్ల మీద నియమించిన సంస్థ పేరు చెప్పను. రెండేళ్లు నెలకు కొంత పంపింది, తరువాత ఒక ఉత్తరం కూడా లేకుండా మానేసింది. విశ్వాసంతో నడవమని ఫోనులో ఒకసారి చెప్పారంతే. నాన్న నడిచారు, సైకిలు అమ్మిన తరువాత నిజంగానే నడిచారు. మా అక్క చదువు పదో తరగతితో ఆగిపోయింది.

అప్పుడు మమ్మల్ని బతికించింది పిడికెడు బియ్యం. మా సంఘంలోని ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం అవి మందిరానికి వచ్చేవి. ఆ బియ్యంలో దొడ్డువి, సన్నవి, రేషనువి అన్నీ కలిసి ఉండేవి, అన్నం ఒక్కోచోట పలుకుగా, ఒక్కోచోట మెత్తగా ఉడికేది. కైకిలి చేసుకునే తల్లులు తమ పిల్లల ఎసట్లోంచి తీసిన బియ్యం అది. దేవుని పోషణ అంటే నాకు ఆ అన్నమే గుర్తొస్తుంది. జీతం తీసుకునేవాడికి విశ్వాసం లేదని వేదిక ఎక్కి చెప్పిన ఆ బోధకుడు, మీ తమ్ముడి వంతు పిడికెడు ఎవరి ఇంట్లో తీయాలో చెప్పాడా?

ఉపాధ్యాయుల వారికి ఒక మాట. రోగం, అప్పు చూపి ఆశ పెట్టడం తప్పే. మా నాన్న ఎప్పుడూ అలా చేయలేదు. కానీ ఎవరూ అడగనిదే మాట్లాడకూడదంటే మా నాయనమ్మకు ప్రభువు పేరే తెలిసేది కాదు. ఆమెను అడగనిచ్చేవారెవరు? బావి దగ్గరకే రానివ్వని రోజులవి.

కాజీపేట విశ్రాంత రైల్వే ఉద్యోగి:

మీ కుటుంబం పడిన బాధ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక సందేహం ఉంది. అన్నీ సమకూరాకే బయలుదేరాలంటే విశ్వాసానికి చోటెక్కడ? సారెపతు విధవరాలి దగ్గర పట్టెడు పిండి, కొంచెం నూనె తప్ప ఏమీ లేనప్పుడే కదా దేవుడు ఏలీయా ప్రవక్తను ఆమె ఇంటికి పంపాడు?

డోర్నకల్ వైపు పల్లె పాస్టరు కూతురు:

పంపింది దేవుడే. కానీ ఆమె పిండి అయిపోదన్న మాట ఏలీయాకు మాత్రమే కాదు, ఆమెకూ, ఆమె కొడుకుకూ ఇచ్చాడు. పంపినవాని పని సాగడానికి ఆ తల్లీబిడ్డలు పస్తుండలేదు. తమ్ముడి అమ్మగారి మందులకు అలాంటి వాగ్దానం ఎవరిచ్చారు? తన ఇంటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని రాసింది కూడా పౌలే. శిష్యులను ఒకప్పుడు సంచి లేకుండా పంపిన ప్రభువే, లూకా 22లో, ఇప్పుడైతే సంచి గలవాడు తీసికొనిపోవలెనని చెప్పాడు. ఒక కాలానికి ఇచ్చిన ఆజ్ఞను అన్ని కాలాలకూ అందరి మీదా పెట్టకూడదు.

ములుగు రోడ్డు ఉపాధ్యాయుడు:

నాయనమ్మగారి విషయంలో మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆశ పెట్టకుండా చెప్పే మాటకు నేను అడ్డు కాదని సవరించుకుంటున్నాను. తండాకు వెళ్లేవాడు అక్కడి భాష, అక్కడి కష్టం తెలుసుకోకుండా వెళ్లకూడదన్న మాట మాత్రం వదలను.

హనుమకొండ సోదరి:

నిన్న రాత్రి ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. పిడికెడు బియ్యం దగ్గర అతను మౌనంగా అయిపోయాడు. తరువాత తనే కార్యములు 18 తెరిచి, పెద్దవారు చెప్పిన దర్శనానికి ముందున్న వచనాలు చదివాడు. పౌలు కొరింథుకు రాగానే అకుల, ప్రిస్కిల్లతో కలిసి డేరాలు కుట్టాడు, ప్రతి విశ్రాంతిదినాన సమాజమందిరంలో మాట్లాడాడు. సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యం బోధించడంలో పూర్తిగా నిమగ్నుడయ్యాడు. మాసిదోనియ సోదరులు వచ్చి తన అక్కర తీర్చారని రెండో కొరింథీ పత్రికలో రాశాడు కూడా.

రాజీనామా ఉత్తరం ఇంకా అతని బల్ల మీదే ఉంది. చించలేదు, ఇవ్వనూ లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మేమిద్దరం కలిసి పెద్దలను అడగబోతున్నాం: శని, ఆదివారాలు అతను నెక్కొండ అవతలి తండాకు వెళితే బస్సు చార్జీ సంఘం ఇస్తుందా, పూర్తిగా వెళ్లే రోజు వస్తే అమ్మ మందుల ఖర్చు ఎన్నేళ్లు పంచుకుంటుంది, ఆ మాటను తీర్మానాల పుస్తకంలో రాస్తుందా. తండాలో లంబాడీ భాష నేర్పే ఒక పెద్దాయనను తమ్ముడు అప్పుడే వెతుకుతున్నాడు.