అల్లాయ్ చక్రాల మీది పాత రంగు తీసి మెరుపు తెప్పించడం: మీ అనుభవాలు చెప్పండి

పెదవాల్తేరు వాసి:
నేను కారు కొనేనాటికే నాలుగు అల్లాయ్ చక్రాలకూ నల్లరంగు వేసి ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇప్పుడు ఆ రంగు అంచుల వెంట పొక్కులు పొక్కులుగా లేస్తోంది. గోటితో గీకితే పెచ్చు ఊడి, కింద సన్నటి పురుగులు పాకినట్టు తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. రంగంతా తీసేసి అసలు లోహం మెరుపు చూడాలని ఉంది. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టమని ఒకరు చెప్పారు. చేయవచ్చా?

గాజువాక మెకానిక్:
వద్దు తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు. అల్లాయ్ చక్రం అంటే ఎక్కువగా అల్యూమినియమే. కాస్టిక్ సోడా ఇనుము మీది రంగుకు పనికొస్తుంది గానీ అల్యూమినియాన్నే తినేస్తుంది. నీళ్లు మరిగినట్టు బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్, నిప్పు సోకితే అంటుకుంటుంది. అలా నానబెట్టిన చక్రం ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఒళ్లంతా నల్లబడి, నట్టు కూర్చునే గుంటలు కూడా గరుకెక్కి ఉన్నాయి. దాన్ని బండికి బిగించడానికి నేను ఒప్పుకోలేదు. బాత్రూము కడిగే యాసిడ్ కూడా అంతే.

పెయింట్ రిమూవర్ జెల్ తెచ్చుకో. టైరు విప్పించి, వాల్వు, బ్యాలెన్సింగ్ బరువులు తీసేసి, బ్రేకు మసి కడిగి ఆరనివ్వు. జెల్ మందంగా పూసి పైన ప్లాస్టిక్ కాగితం కప్పు, లేకపోతే మన ఎండకు పని చేయకముందే ఆరిపోతుంది. పావుగంటకో అరగంటకో రంగు ముడతలు పడి లేస్తుంది. చెక్క బద్దతోనో ప్లాస్టిక్ బద్దతోనో తీసేయ్. మొండి రంగుకు రెండోసారి పూయాలి. మిథిలీన్ క్లోరైడ్ అనే ఘాటైన ద్రావకం ఉన్న రకమైతే మూసిన గదిలో ప్రాణాలకే ముప్పు. ఆరుబయట, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చెయ్యి.

భీమిలి రోడ్డు:
ఆ తెల్ల చారలు రంగు కింద ఉప్పు గాలి పెట్టిన తుప్పు. రంగు పోయినంత మాత్రాన అది పోదు. ఒక్క చార మిగిలినా కొత్త పూత కింద మళ్లీ పాకుతుంది. నేను 240 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 దాకా తడిపి రుద్దాను. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరుకు వెళ్లాలి. చక్రానికి ఒక ఆదివారం చొప్పున పట్టింది. పాలిష్ పెట్టి తుడుస్తుంటే గుడ్డ నల్లగా అవుతూనే ఉంటుంది. అది మురికి కాదు, అరిగిన అల్యూమినియమే. చివరికి స్పోకు మీద నా వేళ్లు అద్దంలో లాగా కనిపించాయి. ఎంత సంతోషించానో!

ఆ ముచ్చట మొదటి వానాకాలంతోనే తీరిపోయింది. పైన ఏ పూతా వేయలేదు, మెరుపంతా మబ్బు కమ్మినట్టయింది. సముద్రం పక్కన ఉండేవారు వట్టి లోహాన్ని అలా వదిలేయకూడదు.

సీతమ్మధార:
నిజమేనండీ. అందుకే నేను రంగు తీయించాక వెండి రంగు పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో గట్టిపరిచే పూత), పైన క్లియర్ కోటు అనే పారదర్శక పూత వేయించాను. అద్దం మెరుపు రాదు గానీ వారానికోసారి మంచినీళ్లతో కడిగితే చాలు. పాత రంగును కొలిమిలో కాల్చి తీస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. పౌడర్ సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల్లో గట్టిపడుతుంది. రంగు కాల్చడానికి 400 డిగ్రీలు దాటిస్తే చక్రం బలమే తగ్గిపోతుంది.

పెదవాల్తేరు వాసి:
అందరికీ ధన్యవాదాలు. కాస్టిక్ సోడా మాట మరిచిపోయాను. స్టెప్నీ చక్రానికీ ఇదే నల్లరంగు ఉంది, ముందు దాని మీదే చేయి తిప్పుకుంటాను. పైపూతకు పౌడరే వేయిస్తాను.

గాజువాక మెకానిక్:
మంచిది. పూత వేసేవారికి ముందే చెప్పు: హబ్‌కు (బండికి చక్రం బిగించే భాగానికి) ఆనుకునే ముఖం మీద, నట్టు గుంటల్లో పూత పడకూడదు. పడితే ఆ పూత నలిగి నట్లు వదులవుతాయి. బిగించేటప్పుడు బండి పుస్తకంలో రాసిన టార్క్ (నట్టు ఎంత బలంగా బిగించాలనే కొలత) చూసుకో. 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి సరిచూడు. రంగు తీశాక ఎక్కడైనా పగులు కనిపిస్తే వెల్డింగ్ చేయించకు, ఆ చక్రం మార్చెయ్.