అనంతపురం: యూనివర్సిటీ లైబ్రరీలో రెండు డిపార్ట్‌మెంట్లు నాకు అప్పగించారు, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకాల బీరువా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్ పీజీ) చేసి యూజీసీ నెట్ పరీక్ష పాసయ్యాను. అనంతపురంలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఇన్నాళ్ళూ ఇష్యూ కౌంటరు, నో డ్యూస్ సర్టిఫికెట్లు, అక్సెషన్ రిజిస్టరు (వచ్చిన పుస్తకాలు నమోదు చేసేది) చూశాను. ఈ నెల నుంచి మా లైబ్రేరియన్ సార్ పని మార్చారు. "ఎకనామిక్స్, రూరల్ డెవలప్‌మెంట్ రెండూ నీవే. వాళ్ళకేం కావాలన్నా నువ్వే చూడాలి. సబ్జెక్ట్ లైబ్రేరియన్ అనుకో" అన్నారు. డ్యూటీలు ఇవీ అని కాగితం ఏమీ ఇవ్వలేదు.

మొన్న ఒక పీహెచ్‌డీ స్కాలర్ వచ్చి "అనంతపురం జిల్లాలో కరువు, వేరుశెనగ రైతులు, ఈ టాపిక్ మీద ఏమున్నాయి మేడమ్?" అని అడిగారు. ఓపాక్‌లో (లైబ్రరీ కంప్యూటర్ క్యాటలాగ్‌లో) కొట్టి చూపించాను. ఐదారు పుస్తకాలు వచ్చాయి. రెండు తీసుకుని, వచ్చే వారం మళ్ళీ వస్తానన్నారు. కౌంటర్లో ఉన్నప్పుడైతే అక్కడితో నా పని అయిపోయేది. ఇప్పుడు అంతటితో అయిపోదని తెలుస్తోంది, కానీ ఆ తర్వాత ఏం చెయ్యాలి? నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్స్. ఎకనామిక్స్ రాకుండా ఈ పని చెయ్యగలనా అని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మెట్టచేను

మేడమ్, నేను లైబ్రరీకి వచ్చే వైపు మనిషిని, ఎకనామిక్స్ స్కాలర్‌ని. మాకు ఏం కావాలో అది చెప్తాను. చేరిన కొత్తలో అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఓరియంటేషన్ ఇస్తారు. లాగిన్ ఇలా, డేటాబేస్ ఇలా అని స్లైడ్లు చూపిస్తారు. అప్పటికి మాకు టాపిక్కే ఉండదు కాబట్టి ఏదీ గుర్తుండదు. అసలు అవసరం సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసేముందు వస్తుంది. ఆ సమయంలో ఒక గంట మాతో కూర్చునే మనిషి ఉంటే చాలు.

ఇంకోటి. మా సబ్జెక్టులో పుస్తకాల కంటే లెక్కలు ముఖ్యం. మండలం వారీ వాన, పంట విస్తీర్ణం, అప్పులు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్ళు లేక ఒక్కో ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాం.

పాత రిఫరెన్స్ డెస్క్

అమ్మా, నేను రిటైరైన అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. పనిచేసింది అనంతపురంలోనే, ఎక్కువ కాలం రిఫరెన్స్ సెక్షన్లో. నీ ప్రశ్న చూసి చాలా సంతోషమైంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు పోస్టు సంగతి. మన దగ్గర సబ్జెక్ట్ లైబ్రేరియన్ అని విడిగా పోస్టు ఉండదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో యూనివర్సిటీలకు ఉన్నవి అసిస్టెంట్ లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్, ఈ మూడే. కాబట్టి డ్యూటీల కాగితం కోసం చూడొద్దు. మీ సార్ నోటిమాటగా అయినా రెండు డిపార్ట్‌మెంట్లు అప్పగించారంటే అది మంచి అవకాశం.

ఇక ఆ స్కాలర్ విషయం. ఓపాక్‌లో ఐదారే కనిపించాయంటే మీ దగ్గర ఉన్నవి ఐదారే అని కాదు. డ్యూయీ అనే వర్గీకరణ పద్ధతిలో పుస్తకం ఏ శాస్త్రానిదైతే ఆ ర్యాకులోకి పోతుంది. ఊరు, సమస్య అనేవి తర్వాత. వేరుశెనగ సేద్యం 633.368 దగ్గర, మెట్ట సేద్యం 631.586 దగ్గర ఉంటాయి. పంటల ధరలు, రైతు ఆదాయం 338.1లో. వానల శాస్త్రం 551.57లో. కరువు సహాయ పనులు 363.34929లో. ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లో. ఆ స్కాలర్ అడిగిన ఒక్క టాపిక్కు ఇన్ని చోట్ల చెదిరి ఉంది. మీ లైబ్రరీలో కోలన్ అనే ఇంకో వర్గీకరణ పద్ధతి వాడుతుంటే నంబర్లు వేరుగా ఉంటాయి, చెదరడం మాత్రం తప్పదు. చెదిరినదాన్ని ఒకచోటికి చేర్చి ఇచ్చే మనిషి కావాలి. నీ పని అదే. ఆయన వచ్చినప్పుడు కంప్యూటర్ దగ్గరే ఆపకుండా స్టాక్ రూమ్‌లోకి తీసుకెళ్ళి ఈ ర్యాకులన్నీ చూపించు.

దానికి ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు? ఏ మండలాలు? వానా, దిగుబడా, అప్పులా, బెంగళూరు వలసలా, పంటల బీమానా? స్కాలర్లు వచ్చి చెప్పేది పెద్ద టాపిక్. వాళ్ళకు నిజంగా కావాల్సింది అందులో ఒక ముక్క. ఆ ముక్క బయటికొచ్చేదాకా అడుగుతూనే ఉండు. విసుక్కోరు. వాళ్ళ మాట అంతసేపు వినేవాళ్ళు వాళ్ళకూ తక్కువే.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది చెప్తాను. జిల్లా హద్దులు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, మడకశిర, పుట్టపర్తి అటు వెళ్ళాయి. ఆ స్కాలర్ 2010 నుంచి 2024 దాకా అనంతపురం జిల్లా వేరుశెనగ విస్తీర్ణం ఒక టేబుల్‌గా వేస్తే 2022 దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోతుంది. రైతులు పంట వదిలేశారని థీసిస్‌లో రాసేస్తారు. అందులో పంట తగ్గింది ఎంత, జిల్లా చిన్నదైనందువల్ల తగ్గింది ఎంత అన్నది మండలాల వారీగా కూడితేనే తేలుతుంది. ఈ మాట ఆయనకు మొదటి రోజే చెప్పు. గైడు కూడా చూసుకోకపోవచ్చు.

వెనక్కి వెళ్తే ఇంకా ఉంది. కదిరి 1910 వరకు కడప జిల్లాలోది. రాయదుర్గం 1953లో బళ్ళారి నుంచి ఇటు వచ్చింది. అసలు అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో, బళ్ళారి నుంచి విడదీసి. అంటే 1876–78 నాటి పెద్ద కరువు మీద ఎవరైనా పనిచేస్తే, "అనంతపురం" అని వెతికితే ఆనాటి జిల్లా రికార్డులు దొరకవు. అవి బళ్ళారి జిల్లా పేరు కింద ఉంటాయి. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన బళ్ళారి గెజెటీర్ (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) 1904లో, అనంతపురం గెజెటీర్ 1905లో వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి ఇవ్వాలి. ఒకటే ఇస్తే సగం ఇచ్చినట్టే. రిఫరెన్స్ సెక్షన్లో గెజెటీర్ల దగ్గర ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి అతికించు, ఎంతోమందికి పనికొస్తుంది.

జర్నళ్ళ సంగతి. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి నుంచి నడుస్తోంది. 30 మంది పబ్లిషర్లవి దాదాపు 13,000 జర్నళ్ళు, రాష్ట్ర యూనివర్సిటీలకు కూడా. చూసుకునేది యూజీసీ వాళ్ళ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్. మీ లైబ్రరీ రిజిస్ట్రేషన్ పూర్తయిందో లేదో, హాస్టల్ నుంచి ఎలా తెరవాలో నువ్వు ముందు స్వయంగా చేసి చూసుకో, ఆ తర్వాత స్కాలర్లకు నేర్పు. వెతికేటప్పుడు ఒక్క మాటతో ఆగొద్దు. మన రిపోర్టుల్లో గ్రౌండ్‌నట్ అని ఉంటుంది, అమెరికా వాళ్ళు పీనట్ అంటారు, పంటల శాస్త్రవేత్తలు అరాకిస్ హైపోజియా అని రాస్తారు. జిల్లా పేరుకూ ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులున్నాయి. అన్నీ కలిపి వెతికిన లిస్టుకూ ఒక్క మాటతో వెతికిన లిస్టుకూ పోలికే ఉండదు. మన దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్లో ఉంచే శోధ్‌గంగలో ఇదే టాపిక్ మీద వచ్చిన థీసిస్‌లు తెరిచి, చివర ఉన్న బిబ్లియోగ్రఫీలు చూపించు. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళ ప్రచురణలు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి.

అసలు కష్టం ఎక్కడా అచ్చు పుస్తకంగా దొరకని సమాచారంతో. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశెనగ రకాలు ఇచ్చింది. వాటి మీద వచ్చే బుక్‌లెట్లు పుస్తకాల షాపులో దొరకవు. 1969 నుంచి ఇక్కడే పనిచేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థల నివేదికలూ అంతే. వెండర్ తెచ్చివ్వడు, మనమే వెళ్ళి అడగాలి. సన్నగా ఉండే ఆ బుక్‌లెట్లను పుస్తకం కాదని పక్కన పడేయకుండా అక్సెషన్ చేసి, క్యాటలాగ్‌లో ఎక్కించి, బాక్స్ ఫైల్లో పెట్టించు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా ఇది. ఆ వానతో ఎలా బతకాలో ఇక్కడి మనుషులు నేర్చుకున్నదంతా చాలావరకు ఈ సన్న పుస్తకాల్లోనే ఉంది. అవి మన దగ్గర లేకపోతే ఇంకెక్కడా ఉండవేమోనని నాకు ఇప్పటికీ బాధ.

కొనుగోళ్ళ గురించి ఒక మాట. గ్రాంటు మార్చి 31లోపు ఖర్చవ్వాలని ఫిబ్రవరిలో డిపార్ట్‌మెంట్లకు రికమండేషన్ ఫారాలు పంపుతారు, వాళ్ళు వెండర్ లిస్టు మీదే టిక్కులు పెట్టి పంపిస్తారు. నువ్వు ఏడాది పొడుగునా ఒక రిజిస్టరు పెట్టుకో. ఎవరు ఏం అడిగారు, దొరికిందా లేదా అని. ఫిబ్రవరిలో ఆ రిజిస్టరే నీ లిస్టు అవుతుంది.

ప్లేజరిజం చెకింగ్ (థీసిస్‌లో కాపీ ఉందేమో చూడటం) ఎలాగూ నీకే అంటగడతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సమస్య. రిపోర్టు తీసి ఇవ్వడం ఐదు నిమిషాల పని. కొటేషన్ ఎలా ఇవ్వాలో, సొంత మాటల్లో ఎలా రాయాలో థీసిస్ మొదట్లోనే నేర్పితే చివర్లో ఎవరూ ఏడవరు.

ఎకనామిక్స్ డిగ్రీ లేదని దిగులు పడకు. సిలబస్ తెచ్చుకుని చదువు. ప్రీ-పీహెచ్‌డీ సెమినార్లు జరిగేటప్పుడు అనుమతి అడిగి వెనక కూర్చో. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రతి సంచికలో కనీసం విషయసూచిక చదువు. ఏడాదిలో ఆ సబ్జెక్టు మాటలన్నీ నీకు వచ్చేస్తాయి.

కడప తెలుగు

సార్ చెప్పినవాటిలో చివరిదానికి ఒక్కదానికి నేను ఒప్పుకోను. నేను కడపలో కాలేజీ లైబ్రేరియన్‌ని, తెలుగు ఎం.ఏ. చేశాకే లైబ్రరీ సైన్స్ చదివాను. తెలుగు స్కాలర్లతో పనిచేయాలంటే సబ్జెక్టు లోతుగా తెలిసి తీరాలి. ఒక ఉదాహరణ. వేమన పద్యం ఉదహరించి కింద ఏ ముద్రణో రాయకుండా వదిలేస్తారు. సి.పి. బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో ఇంకా ఎక్కువ పద్యాలతో మరోసారి వేమనను అచ్చువేయించారు. ఆ తర్వాత వచ్చిన సంకలనాలకు లెక్కే లేదు. పాఠాలు మారతాయి, పద్యాలు చేరతాయి. స్కాలర్ చేతిలో ఉన్న పద్యం ఏ ముద్రణలోదో అడగాలని తట్టాలంటే లైబ్రేరియన్ వాటిని చదివి ఉండాలి. తెలుగు సాహిత్యం ఉండే 894.827 దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తే సరిపోదు.

మీ పనికి కూడా కడప ఒకసారి రండి. బ్రౌన్ దొర 1820లో ఇక్కడికి వచ్చి, బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో అదే స్థలంలో లైబ్రరీ వచ్చింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. వాళ్ళు అచ్చువేసిన కడప జిల్లా కైఫియతులు చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలవి. చెరువులు, మాన్యాలు, ఊళ్ళు పాడుపడటం వంటి సంగతులన్నీ ఉంటాయి. ఎకనామిక్స్ వాళ్ళు వాటి వైపు చూడరు. కరువు మీద పనిచేసే స్కాలర్‌కు తప్పకుండా చూపించాలి.

పాత రిఫరెన్స్ డెస్క్

తెలుగు విషయంలో మీ మాట నిజమేనమ్మా. పాత గ్రంథాలతో పని ఉన్నచోట సబ్జెక్టు లేకుండా కుదరదు. ఎకనామిక్స్‌కు మాత్రం నేను చెప్పిన దారి సరిపోతుందనే అంటాను. కైఫియతుల సంగతి గుర్తుచేసినందుకు సంతోషం.

పుస్తకాల బీరువా

సార్, మేడమ్, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న స్టాక్ రూమ్‌లో సార్ చెప్పిన నంబర్ల దగ్గరంతా తిరిగాను. 631.586లో మెట్ట సేద్యం మీద మంచి పుస్తకాలున్నాయి. ఓపాక్‌లో "కరువు" అని కొడితే అవి ఒక్కటీ రాలేదు. బళ్ళారి గెజెటీర్ కూడా దొరికింది, బైండింగ్ ఊడిపోయి ఉంది, రిపేరుకు పంపిస్తున్నాను. ఒక్క సందేహం. మండలాల వారీగా కూడాలన్నారు కదా, జిల్లా విడిపోక ముందువీ తర్వాతవీ ఆ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

పాత రిఫరెన్స్ డెస్క్

జిల్లా హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్. ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు వాళ్ళు తయారుచేస్తారు. మండలాల వారీ వాన, పంటల విస్తీర్ణం అందులో ఉంటాయి. 2022కు ముందువి ఉమ్మడి జిల్లావి. తర్వాతవాటికి అనంతపురంతో పాటు పుట్టపర్తిలో కూడా అడగాలి. లైబ్రరీ లెటర్‌హెడ్ మీద మీ సార్ సంతకంతో ఉత్తరం తీసుకెళ్ళు, నోటిమాటగా అడిగితే తిప్పుతారు. పాత సంచికలు ఏవేవి మీ దగ్గర లేవో ముందే చూసుకుని, ఆ సంవత్సరాలు ఉత్తరంలోనే రాయించు. స్కాలర్‌ను కూడా వెంట తీసుకెళ్ళు, ఈసారి ఆ ఆఫీసు ఆయనకూ తెలుస్తుంది.