సమస్య: పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె

పృచ్ఛకుడు:
జనవరి అయిపోయింది. సంక్రాంతికి ముందు విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి రెండు సంచులు మోసుకొచ్చాను. శ్రీపాదవారి ఆత్మకథ, పెరటి కూరగాయల మీద ఒక చిన్న పుస్తకం, మనవడి కోసం కొని నేనే ముందు చదివేసిన బొమ్మల భారతం. ఏ ఒక్కదానికీ ఇంకోదానితో పొత్తు లేదు. నెలాఖరున తలుచుకుంటే మాత్రం, లోపలి సంగతులకన్నా ఒక్కో పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్న ఆ నిమిషమే ఎక్కువ గుర్తొస్తోంది. ఈ సమస్య అందులోంచే పుట్టింది.

ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ రాసి దీన్ని పూరించాలి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కలవాల్సిన జత అక్షరం, ఇక్కడ పు–బొ. వెలుగిచ్చేది తెరిచిన పుస్తకం కదా, మూస్తే పొద్దు పొడవడమేమిటి? విప్పాల్సిన చిక్కు అదే. ఈ నెల మీరు నిజంగా చదివినదాని మీదే పూరించండి.

ఖమ్మం అక్కయ్య:
మాలపల్లి పట్టి మంచమ్ము పైన నే
నొరిగి చదువుచుండ నూరు నిద్ర
పోయె, పుటలు తిరుగఁ బొరలు కన్నీటనే
పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె.

1922లో అచ్చయి, ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల. పరీక్ష కోసం ఎప్పుడో సారాంశం చదివి, చదివేశాననే అనుకుంటూ వచ్చాను. సంగదాసు చావు దగ్గర పుస్తకం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

తెనాలి మాస్టారు:
అమ్మా, రెండో పాదం చూసి ముచ్చటేసింది. పైకి నొ–నూ అని కనబడుతున్నా లోపల ఉన్నది ఒరిగి–ఊరు. అచ్చుకు అచ్చు కలిసే స్వరయతి చక్కగా కుదిరింది. ‘ఊరు నిద్ర’ దగ్గర పాదం ఆగి, ‘పోయె’ కింది పాదంలో పడింది చూశారా, ఊరు మెల్లగా సద్దుమణిగినట్టే ఉంది.

డాలస్ తమ్ముడు:
నెల దినాలు చదివి నిండెను నా మది
కథలు కవిత లన్ని కలిసి పోయె
చివరి పుటకు వచ్చి తెలవారె నని చూచి
పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె.

తెనాలి మాస్టారు:
మూడో పాదంలో యతి తప్పింది నాయనా, ‘చి’కి ‘తె’ కుదరదు. పైగా తెల్లవారిందని చూశాక మళ్ళీ పొద్దు పొడిచిందంటే చెప్పిందే చెప్పినట్టు. ‘చివరి పుటకు వచ్చి చిఱునవ్వు నవ్వి నే’ అంటే గణాలూ (గురులఘువుల లెక్క) యతీ సరిపోతాయి. కానీ నాకు అసలు లోటు రెండో పాదంలో కనిపిస్తోంది. ఏ కథ? ఏ కవిత? నెలంతా చదివిన మనిషివి, ఒక్క పేరైనా చెప్పలేదు.

డాలస్ తమ్ముడు:
నిజమే మాస్టారూ, యతి టెన్షన్‌లో పడి అసలు విషయం వదిలేశాను. ఈ నెల కన్యాశుల్కం రెండు కూర్పులూ చదివాను, ముందు 1897 నాటిది, ఆ వెంటనే 1909 నాటిది. రెండోదానిలో మధురవాణి ఎంత ఎదిగిందో చూసి ఆశ్చర్యపోయాను. మళ్ళీ ప్రయత్నిస్తున్నాను:

మధురవాణి మాట మది నిండ వినిపించె
నవ్వులోన దాఁగె నాటి వెతలు
కన్నెపిల్ల నమ్ము కాలమ్ము గడచెనా?
పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె.

తెనాలి మాస్టారు:
ఇదీ పద్యం! ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా తెల్లవార్చావు. ఒక్క మాట మార్చుకో. ‘నాటి వెతలు’ అంటే అవి అప్పటివేనని తేల్చేసినట్టయింది, కింది పాదంలోనేమో గడిచాయా అని అడుగుతున్నావు. ‘నవ్వులోన దాఁగె నలిగి వెతలు’ అను. యతి చెడదు, ప్రశ్నకు బలం వస్తుంది.

అనకాపల్లి చెల్లెలు:
అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఈ నెల నేను చదివిందంతా పైకి చదివిందే, కాశీమజిలీ కథలు.

అమ్మ కంటి పొరల కగుపించ వక్షరాల్;
చదివి నేను చెప్ప సాఁగె రాత్రి;
చాలునమ్మ యంచుఁ జక్కగా నగె నామె
పుస్తకమ్ము మూయఁ బొద్దు పొడిచె.

ఖమ్మం అక్కయ్య:
ఇక్కడ పొద్దంటే అమ్మ నవ్వే కదా! మేమందరం పొద్దును తూర్పునే వెతికాం.

పృచ్ఛకుడు:
‘అక్షరాల్’ అన్న వాడుక రూపం పక్కనే ‘యంచు’, ‘నగె’ ఉన్నాయి. గ్రాంథికం పట్టింపు ఉన్నవాళ్ళు ఒప్పుకోరు. నేనైతే ఆ పాదం ముట్టుకోను. ‘చాలునమ్మ’ అన్నది అమ్మ నోట వచ్చిన మాటేనా, పద్యం కోసం పెట్టిందా?

అనకాపల్లి చెల్లెలు:
అమ్మ మాటేనండి. గొంతు బొంగురుపోతోంది, ఇక పడుకోమంది. ఆ పుస్తకంలో మణిసిద్ధుడు కాశీకి పోతూ ఒక్కో మజిలీలో తన వెంట వచ్చే గోపడికి కథ చెప్తూ నడుస్తాడు కదా, మేమూ రాత్రికి ఒక మజిలీ అనుకున్నాం. నిన్న రెండయ్యాయి. పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో తడుముకుని అందుకుంటూ, “ఎక్కడ ఆపామే?” అని అడిగింది.