అప్‌డేట్: మా హోండా సిటీ కారు కావలి వెళ్లిపోయింది

పోయిన నెల అడిగాను కదా, నెల్లూరులో ఉన్న మా 2015 హోండా సిటీని బయట వేయించిన అలాయ్ వీల్స్, బండి ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులతోనే అమ్మాలా, కంపెనీవి వేసి అమ్మాలా అని. మీ మాట విని కంపెనీవే తిరిగి వేయించాను. అవి ఇన్నాళ్లూ అటక మీద గోనెసంచిలో భద్రంగానే ఉన్నాయి.

కావలి నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. పెద్దాయన ఇంజిన్ ఆయిల్ మూత తిప్పి, లోపలివైపు వేలితో తుడిచి చూశారు. మడ్డి లేదు. సర్వీసు బిల్లుల ఫైలు పేజీ పేజీ తిరగేశాక బేరం పెద్దగా ఆడలేదు. అంతకుముందు ఒక డీలరు ఆ మార్పులే సాకుగా చూపి బాగా తగ్గించి అడిగాడు, ఆ బాధ తీరింది.

బండి పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలయ్యి, నా ఫాస్టాగ్ మూయించాకే తాళాలు ఇచ్చాను. అది మాత్రం ఎవరూ మరవకండి. బండి మినీ బైపాస్ వైపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.