తిట్టే నోరు, తిరిగే కాలు: "ఊరకుండవు"నా, "ఊరనుండవు"నా?

అరసున్న: సెర్బియా ఫుట్‌బాల్ ఆటగాడు దెయాన్ పెట్కోవిచ్ మీద చిన్న వ్యాసానికి శీర్షిక వెతుకుతుంటే ఒక సామెత నాలుక చివర ఆడుతోంది. "తిట్టే నోరు, తిరిగే కాలు ఊర_ఉండవు". ఆ ఖాళీలో ఉన్నది కకారమా, నకారమా? రెండూ విన్నట్టే ఉంది. మనిషి సంగతి మీకు తెలిసిందే: నీష్, బెల్‌గ్రేడ్, మాడ్రిడ్, సెవిల్లా, సాంతాందేర్, సాల్వడార్, వెనిస్, రియో, షాంఘై, జెద్దా, గొయానియా, సాంతోస్, బెలో హారిజాంటే, మళ్ళీ రియో. ఇన్ని ఊళ్ళు తిరిగినవాడికి నకారమే అతుకుతుందనిపిస్తోంది.

ద్రుతం: నకారమే, అనుమానం వద్దు. ఊరన్ + ఉండవు. సప్తమి మీది ద్రుతానికి (పదం చివరి నకారానికి) అచ్చు పరమైతే నకారం నిలుస్తుంది. సాక్ష్యం సుమతి శతకంలోనే ఉంది: "చొప్పడిన యూర నుండుము". ఇదే పదం, ఇదే క్రియ, సామెతలో వ్యతిరేకార్థంలో వచ్చింది, అంతే. జనం నోట అరిగి "ఊరక" అయింది. (శతకకర్త ఎవరన్న గొడవ ఇక్కడ ఎత్తకండి, పోయినసారి మూడు రోజులు నడిచింది.)

గసడదవ: కాలు ఊళ్ళో ఉండదు, సరే. నోరు ఊరు విడిచి ఎక్కడికి పోతుంది? కర్తలు రెండున్నప్పుడు క్రియ రెండింటికీ అతకాలి. ఊరక + ఉండవు, అత్వసంధి, ఊరకుండవు. పైగా "ఊరుకోవు" అనే పాఠం కూడా వాడుకలో ఉంది. అది ఊరకొను నుంచి వచ్చిందే. నకారం అయితే ఆ పాఠం పుట్టేదే కాదు.

ఎర్రసిరా: మూడో దారి ఎవరూ చూడలేదు. నీళ్ళూరడంలోని ఊరు ధాతువుకి వ్యతిరేక క్త్వార్థకం (చేయక, తినక వంటి రూపం) కూడా "ఊరక"యే. నోరు ఊరక ఉండదు! తిట్టడానికి నోరూరుతోందన్నమాట.

గసడదవ: మరి కాలు ఊరితే డాక్టరుకి చూపించాలి.

శకటరేఫం: వ్యాకరణం తర్వాత. అసలు ఈ సామెత ఆ మనిషికి నప్పదు. ఇది నింద, కుదురులేనివాణ్ణి అనేమాట. పెట్కోవిచ్ ఊళ్ళు మారడానికి కారణాలు కాలి దురదలో లేవు. 1992లో బెల్‌గ్రేడ్ క్లబ్బు రెడ్ స్టార్‌లో చేరాడు. అదే ఏడు ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పడి యుగోస్లావ్ క్లబ్బులకు యూరప్ పోటీలు మూతపడ్డాయి. 1991లో యూరోపియన్ కప్ ఎత్తిన క్లబ్బులో ఉండి, యూరప్‌లో ఎవరి కంటా పడకుండా ఆడాల్సి వచ్చింది. 1995 లీగ్ గెలిచాక ఆ చలికాలంలో రియల్ మాడ్రిడ్ తీసుకుంది. కొన్ని వారాలకే, 1996 జనవరిలో, కోచ్ వాల్డానోను సాగనంపారు. కొత్త కోచ్‌కి పాత కోచ్ తెచ్చినవాడు కనబడడు కదా. సెవిల్లాకి, రాసింగ్‌కి అరువు పంపారు. 1997లో బ్రెజిల్‌లోని సాల్వడార్ క్లబ్బు విటోరియాకి వెళ్ళడం అప్పట్లో యూరప్ ఆటగాడికి వెనకడుగు. అతనికి అదే దారి తెరిచింది.

గసడదవ: శకటరేఫం గారు తెలియకుండానే నకారాన్ని ఇంకో పోటు పొడిచారు. బ్రెజిల్ లెక్క చూడండి. 2000లో ఫ్లమెంగో, 2002లో వాస్కో, 2005లో ఫ్లుమినెన్సె, 2009లో మళ్ళీ ఫ్లమెంగో. నాలుగూ రియోలోనే! ఊరు మారలేదు, వీధి మారాడు. "ఊరనుండవు" ఎలా అంటాం? ఊరన బాగానే ఉన్నాడు, ఊరక మాత్రం లేడు.

ద్రుతం: మధ్యలో షాంఘై, జెద్దా, గొయానియా మింగేశారేం? ఒప్పుకుంటాను, రియో అతనికి "చొప్పడిన యూరు". అయితే ఆ పద్యం మొదలే "అప్పిచ్చువాడు". ఇక్కడ అప్పిచ్చినవాడు ఇతనే. ఫ్లమెంగో అతనికి పాత బాకీ పడి ఉంది. 2009లో తిరిగి రావడం ఆ బాకీ తీర్చే ఒప్పందంలో భాగమే. ముప్పై ఆరేళ్ళవాణ్ణి బాకీ కింద తెచ్చుకుంటే ఆ ఏడు బ్రెజిల్ లీగ్ గెలిపించాడు. డిసెంబర్ 6న గ్రెమియో మీద 2-1. గెలుపు గోల్ ఆంజెలిమ్ తలతో కొట్టింది, కార్నర్ ఇతనిది.

ఎర్రసిరా: కార్నర్ అన్నారు కాబట్టి, ఆ ఏడు పాల్మెయిరాస్ మీద, అట్లెటికో మినేరో మీద నేరుగా కార్నర్ నుంచే గోల్ చేశాడు. దానికి అక్కడి పేరు "గోల్ ఒలింపికో". ఒలింపిక్స్‌లో పుట్టిందనుకుంటారు, కాదు. 1924 అక్టోబర్‌లో అర్జెంటీనా ఆటగాడు ఒంజారి ఉరుగ్వే మీద అలా కొట్టాడు. ఉరుగ్వే అప్పటి ఒలింపిక్ విజేత కాబట్టి వెక్కిరింపుగా ఆ పేరు. తెలుగులో ఒక్క ముక్కలో ఏమనాలి? "మూలగోలు" అంటే మూలుగులా ఉంది. పని తీరు ఇదీ: కుడికాలివాడు ఎడమ మూల నుంచి పాదం లోపలి అంచుతో బంతి కుడిపక్క కొడతాడు. బంతి ఎడమకు, అంటే గోల్ వైపుకు వంగుతుంది. కిందగా వస్తే దగ్గరి స్తంభం వద్ద డిఫెండర్ తలకు తగిలి పోతుంది. మరీ పైకి లేస్తే కీపర్‌కి అడుగు వెనక్కి వేసే వ్యవధి దొరుకుతుంది.

శకటరేఫం: కార్నర్లకన్నా ఫ్రీ కిక్కే జనానికి గుర్తు. 2001 మే 27, మరకానా, రియో రాష్ట్ర ఫైనల్ రెండో మ్యాచ్. మొదటిది వాస్కో 2-1తో గెలిచింది కాబట్టి ఫ్లమెంగోకి రెండు గోల్స్ తేడా కావాలి. 2-1 దగ్గర ఆగింది. రెండో సగం 43వ నిమిషంలో చాలా దూరం నుంచి డిఫెండర్ల గోడ మీదుగా పై మూలలోకి. 3-1, వరుసగా మూడో టైటిల్. మన పేపర్లు 88 అంటాయి, బ్రెజిల్‌లో సగం సగంగా లెక్కపెడతారు కాబట్టి 43. వ్యాసంలో 43 అనే రాయండి.

ఎర్రసిరా: అక్కడ అతన్ని "పెట్" అని కుదించారు. సెర్బియన్‌లో ఆ మాటకి "అయిదు" అని అర్థం. పుట్టిన ఊరు మైదాన్‌పెక్ అని చూసి మైదానం అనుకునేరు. సెర్బియన్‌లో మైదాన్ అంటే గని. అది రాగి గనుల ఊరు.

గసడదవ: రెడ్ స్టార్ అసలు పేరులో మొదటి మాట తెలుగులో రాయడానికి పుట్టినట్టుంది: "ౘృవెన". మొదటి ధ్వని ౘలిలో దంత్య ౘకారం, పక్కన అచ్చుగా పలికే ఋ. పెట్కోవిచ్ చివరిది చిలకలోని తాలవ్య చకారానికి దగ్గర. ౘ, ౙ అక్షరాలు 2008లో యూనికోడ్ 5.1తో వచ్చాయి. పాత ఫాంట్లలో డబ్బాలు కనిపిస్తాయి, చూసుకుని వాడండి.

ద్రుతం: మనం ఋని "రు" అంటాం. ఉకారం చేరితే "ౘ్రువెన" అయి చెడుతుంది.

అరసున్న: ఇంతకీ కకారమా, నకారమా? సాయంత్రానికి పంపాలి.

శకటరేఫం: ముందు మీ చిత్తుప్రతిలో ఆ పేరులోని రెండో మాటని "జ్వెజ్దా" అని దీర్ఘం ఎందుకు పెట్టారో చెప్పండి. చివర హ్రస్వమే.